వంతంటే నీళ్ళా, గంటలా? మా ఇంటి వైఫై పంచాయితీ

దసరా సెలవుల్లో మా ఇంట్లో రోజూ ఒకటే గొడవ, వైఫై. మా అమ్మాయి హాల్లో రౌటర్ పక్కనే సోఫాలో కూర్చుని ఉంటుంది, అయినా వీడియో మధ్యలో ఆగిపోయి చక్రం తిరుగుతూనే ఉంటుంది. మావాడికి సరిగ్గా గేమ్‌లో గెలిచే టైముకి బొమ్మ కదలదు. నలుగురూ నావైపే చూస్తారు, ఎందుకంటే నేను చేసే ఉద్యోగం సెల్ టవర్లలో నడిచే సాఫ్ట్‌వేర్‌ని టెస్ట్ చేయడం. "ఊరందరికీ నెట్ పంచుతారట, ఇంట్లో నలుగురికి పంచలేరా" అని మా ఆవిడ ఒకసారి కాదు, ఆ పది రోజుల్లో ఎన్నిసార్లు అందో లెక్కలేదు.

ఇలాంటప్పుడు ఈ రంగంలో ఉన్నవాడు కూడా అందరూ చేసే తెలివితక్కువ పనే చేస్తాడు. నేనూ అదే చేశాను, ప్లాన్‌ని 100 ఎంబీపీఎస్ నుంచి 200కి మార్పించాను. బిల్లు పెరిగింది, చక్రం మాత్రం అలాగే తిరుగుతోంది. పెరగాల్సింది బయట తీగలో కాదు, ఇంట్లో గాలిలో అని నాకు తట్టడానికి ఇంకో వారం పట్టింది.

అసలు దొంగ సెల్లార్‌లో ఉన్నాడు. కారు మీద ఎవరో గీత గీశారని ఆరు నెలల కింద ఒక చవక వైఫై కెమెరా కొని పార్కింగ్ స్తంభానికి బిగించాను. మేముండేది మూడో అంతస్తు. మధ్యలో అన్ని శ్లాబులు దాటి దాని సిగ్నల్ మా రౌటర్‌కి చేరేసరికి ప్రాణం పోయినంత పనవుతుంది. రౌటర్ పేజీ తెరిచి ఏ పరికరం ఎంత స్పీడుతో మాట్లాడుతోందో చూస్తే ఫోన్లన్నీ యాభైల పైన ఉన్నాయి, కెమెరా మాత్రం 1కీ 2కీ మధ్య ఈడుస్తోంది. ఈడుస్తూనే ఇరవై నాలుగు గంటలూ వీడియో పైకి పంపుతోంది.

"అది నెమ్మదిగా పోతే దాని ఖర్మ, మిగతావాళ్ళకేంటి నష్టం" అనిపిస్తుంది కదా. వైఫైలో అలా కుదరదు. వైఫైకి పాత పద్ధతిలో తెలిసిన న్యాయం ఒకటే, అందరికీ సమానంగా వంతులు. గాలి ఖాళీగా ఉంటే ప్రతి పరికరం ఒక చిన్న అంకె మనసులో అనుకుని, వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చి, సున్నా కాగానే ఒక ప్యాకెట్, అంటే డేటా ముక్క, వదులుతుంది. అంకె ఎవరిది చిన్నదైతే వాళ్ళే ముందు. ఎక్కువసేపు చూస్తే అందరికీ దాదాపు ఒకే సంఖ్యలో ప్యాకెట్లు దక్కుతాయి. బాగానే ఉంది. కానీ ప్యాకెట్ ఒకటే అయినా అది గాలిలో ఉండే సమయం ఒకటి కాదు. ఫోను రెప్పపాటులో వదిలే ప్యాకెట్‌ని కెమెరా పదులరెట్ల సేపు లాగుతుంది, అంతసేపూ మిగతా అందరూ నోరు మూసుకుని ఉండాలి.

లెక్క తేలిగ్గా ఉండడానికి ఇద్దరినే తీసుకుందాం. ఒకరి స్పీడు 54, ఇంకొకరిది 6. ఇద్దరికీ ప్యాకెట్‌కి ప్యాకెట్ వంతు ఇస్తే, మధ్యలో పోయే చిల్లర ఖర్చులు పక్కన పెట్టినా, ఒక్కొక్కరికి దక్కేది 5.4. అవును, 54తో పరిగెత్తగలిగినవాడికీ 5.4నే, అంటే నెమ్మదిగా ఉన్నవాడి స్పీడుకన్నా కూడా తక్కువ. 2003లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పరిశోధకులు దీన్నే కొలిచి చూపించారు, 11 ఎంబీపీఎస్ స్టేషన్ల మధ్యలోకి 1 ఎంబీపీఎస్‌తో ఒక్కటి వచ్చి చేరితే అందరూ ఒకటికన్నా కిందకి పడిపోతారని. ఈ రంగంలో దీనికి 'అనామలీ', అంటే విపరీతం, అన్న పేరు స్థిరపడిపోయింది. నా దృష్టిలో అందులో విపరీతం ఏమీ లేదు, రాసిన రూలు రాసినట్టే పనిచేసింది. రూలు రాసినప్పుడు దేన్ని సమానంగా పంచాలో ఎవరూ అడగలేదు, అంతే.

ఆ ప్రశ్న మా ఊళ్ళో అడిగారు. కదిరి దగ్గర మా ఊళ్ళో మా జేజినాయన (తాత) వాళ్ళు ముగ్గురు అన్నదమ్ములు, ముగ్గురికీ కలిపి ఒక్కటే బావి, ఒక్కటే మోటారు. కరెంటు ఉన్న గంటల్ని మూడు వంతులు చేసుకున్నారు. పెద్దాయన చేను బావికి ఆనుకునే ఉంటుంది, మోటారు వేసిన నిమిషానికి కయ్యలో నీళ్ళు. చిన్నాయన చేను అవతల ఉంది. మట్టి కాలవ పొడుగునా నీళ్ళు ఇంకిపోతూ, ఎండ్రకాయల బొక్కల్లోకి జారిపోతూ, ఆ చేను గట్టు దాటేసరికి ముక్కాలు గంట. ఆయన వాదన ఏంటంటే, "మోటారు ఏసినప్పటినుంచి కాదన్నా, నీళ్ళు నా కయ్యలో పడినప్పటినుంచి లెక్కబెట్టాల." పెద్దాయనది ఒకటే మాట, "కాలవ తాగిన నీళ్ళకి నేనేం జెయ్యాల రా? గంటలు గంటలే." మా నాయన చిన్నప్పుడు రాత్రి పూట కాలవ గట్టు మీద లాంతరు పట్టుకుని కూర్చుని ఈ మాటలు ఎన్నిసార్లు విన్నాడో.

చూడండి, ఇద్దరూ సమానమే అడుగుతున్నారు. ఒకాయన సమానంగా నీళ్ళు కావాలంటాడు, ఇంకొకాయన సమానంగా గంటలు చాలంటాడు. నీళ్ళు సమానం చేయాలంటే దూరపు చేనుకి మోటారు గంటల తరబడి నడవాలి, దగ్గరి చేలు ఎండాలి. వైఫై పాత రూలు సరిగ్గా అదే, చిన్నాయన పక్షం. గంటలు సమానం చేస్తే మన లెక్కలో 54 వాడికి 27, 6 వాడికి 3. వాడికి 5.4 నుంచి 3కి తగ్గింది నిజమే, కానీ ఇవతలివాడు 5.4 నుంచి 27కి పోయాడు.

ఇక్కడ గేమ్ థియరీ వస్తుంది, అంటే ఒకరి ఎత్తు ఇంకొకరి లాభనష్టాల్ని మార్చే చోట ఎవరు ఏం చేస్తారో చెప్పే గణితం. గణితవేత్త జాన్ నాష్ పేరు చాలామంది వినే ఉంటారు. ఆయన 'ఈక్విలిబ్రియం'కి వచ్చినంత పేరు, 1950లో ఇరవై ఒక్కేళ్ళ వయసులో అచ్చయిన బేరం గురించిన పేపర్‌కి బయట రాలేదు. డిగ్రీలో చదివిన ఒకే ఒక్క ఎకనామిక్స్ కోర్సులో ఆయనకి ఆ ఆలోచన పుట్టింది. ఇద్దరు బేరానికి కూర్చున్నారు, బేరం చెడితే ఎవరికి ఎంత మిగులుతుందో ఇద్దరికీ తెలుసు, కుదిరితే ఇద్దరికీ అంతకన్నా లాభమే. మరి ఎక్కడ కుదరాలి? నాష్ నాలుగు షరతులు పెట్టాడు, అన్నీ ఎవరూ కాదనలేనట్టుగా కనిపించేవే. ఎవరికీ నష్టం లేకుండా ఇంకొకరికి పెంచగలిగినంత పెంచి ఉండాలి, ఇద్దరి పరిస్థితీ ఒకటే అయితే ఇద్దరికీ ఒకటే రావాలి, కొలిచే సోల మార్చినంత మాత్రాన ఫలితం మారకూడదు, ఎంచుకోని దారుల్ని తీసేసినంత మాత్రాన ఎంచుకున్నది మారకూడదు. ఈ నాలుగూ ఒప్పుకుంటే మిగిలే జవాబు ఒక్కటే అని నిరూపించాడు. ఇద్దరి లాభాల్నీ గుణించు, ఆ గుణకారం ఎక్కడ ఎక్కువో అక్కడ ఆగు.

కూడటం కాదు, గుణించడం. కూడితే 54 వాడికే మొత్తం గాలి ఇచ్చేయడం ఉత్తమం, మొత్తం 54 వస్తుంది, రెండోవాడికి సున్నా. గుణిస్తే ఆ సున్నా లెక్కనంతా ముంచేస్తుంది, అందుకే ఎవర్నీ ఎండబెట్టడం కుదరదు. ప్యాకెట్ వంతుల్లో 5.4ని 5.4తో గుణిస్తే 29 చిల్లర, గంటల వంతుల్లో 27ని 3తో గుణిస్తే 81. మూడొంతుల సమయం వేగంగా ఉన్నవాడికి ఇచ్చి చూడండి, 40.5ని 1.5తో గుణిస్తే 61కి కాస్త తక్కువ. ఎటు జరిగినా 81 కన్నా తగ్గుతుంది. స్పీడ్లు ఏవైనా సరే, ఇద్దరికీ చెరి సగం సమయం దగ్గరే గుణకారం పెద్దది. అంటే నాష్ మా పెద్ద జేజినాయన పక్షం అన్నమాట.

మా ఊళ్ళో చివరికి ఏం తేల్చారో చెప్పాలి. గంటలు సమానమే, కానీ చిన్నాయనకి 'కాలవ తడుపు' కింద అరగంట ఎక్కువ. అంటే నాష్ చెప్పినదానికన్నా ఒక అడుగు బీదవాడి వైపు. దీనికి కూడా లెక్క ఉందని నేను ఉద్యోగంలో చేరాక తెలిసింది. 2000లో మో, వాల్‌రాండ్ అని ఇద్దరు పరిశోధకులు ఒక మీట లాంటిది పెట్టారు, పేరు ఆల్ఫా. సున్నా దగ్గర పెడితే మొత్తం దిగుబడి ఒక్కటే చూస్తుంది, ఒకటి దగ్గర పెడితే నాష్ గుణకారం, ఎంత పైకి తిప్పుతూ పోతే అంతగా 'అందరికీ సమాన నీళ్ళు' వైపు జరుగుతుంది. రెండు దగ్గర పెడితే మన లెక్కలో 13.5, 4.5 వస్తాయి. మా జేజినాయనల పంచాయితీ ఒకటికి కాస్త పైన ఎక్కడో ఆగింది. ఆ మీట ఎక్కడ పెట్టాలో గణితం చెప్పదు, ఎవరో మనిషే తిప్పాలి. చాలా పేపర్లలో దీన్ని ఒక వాక్యంలో దాటేసి, ఏకంగా ఒకటి దగ్గర పెట్టేసుకుని, ఇరవై పేజీల సమీకరణాలు రాస్తారు, అది నాకు ఎప్పుడూ చిరాకే.

మన ఫోన్ల టవర్ మాత్రం ఈ గుణకారాన్ని నిజంగానే చేస్తుంది. కేంబ్రిడ్జ్‌లో ఫ్రాంక్ కెల్లీ అనే గణితవేత్త 1997లో ఇంటర్నెట్ కోసం ఒక న్యాయాన్ని ప్రతిపాదించాడు, ఒక్కొక్కరికి దక్కే స్పీడుకి లాగరిథం తీసి కూడండి, ఆ మొత్తం పెద్దదయ్యేలా పంచండి అని. లాగరిథంలు కూడటమంటే గుణించడమే కదా, తిరిగి తిరిగి నాష్ దగ్గరికే వచ్చాడు. టవర్లో ఇది అమలయ్యే తీరు వింటే ఇంతేనా అనిపిస్తుంది. ప్రతి ఫోనుకీ రెండు అంకెలు పెట్టుకుంటుంది, ఈ క్షణాన ఇతనికి ఎంత స్పీడు ఇవ్వగలను, ఈమధ్య సగటున ఎంత ఇచ్చాను. మొదటిదాన్ని రెండోదానితో భాగించు, ఎవరిది ఎక్కువైతే వంతు వాళ్ళది. టవర్ పక్కన ఉన్నవాడికి ఇప్పుడు 20 ఇవ్వగలను, సగటున ఇచ్చింది 20, భాగిస్తే ఒకటి. దూరంగా ఉన్నవాడికి సగటు 2, ఈ క్షణాన అదృష్టం కలిసొచ్చి సిగ్నల్ లేచి 5 ఇవ్వగలను, భాగిస్తే రెండున్నర. వంతు దూరంవాడిది. 4జీలో ఈ లెక్క వెయ్యో వంతు సెకనుకి ఒకసారి జరుగుతుంది. దూరపు చేనుకి, కాలవ నిండుగా ఉన్న నిమిషం చూసి మడవ తిప్పినట్టు.

సరే, ఇదంతా మధ్యలో ఒక పెద్దమనిషి ఉన్నప్పటి మాట. టవర్ ఉంది, అది చెప్పినట్టు ఫోన్లు వింటాయి, ఎవరూ ఎవరితోనూ నిజంగా బేరమాడటం లేదు, నాష్ లెక్కని టవరే అందరి తరఫునా వేసేస్తోంది. పెద్దమనిషి లేనిచోటే అసలు ఆట ఉంది.

ఇంజినీరింగ్ హాస్టల్లో నేను చూశాను. మొత్తం హాస్టల్‌కి ఒకటే లైను, అది 2 ఎంబీపీఎస్. ఎవడో ఒక డౌన్‌లోడ్ మేనేజర్ పట్టుకొచ్చాడు, అది ఒక ఫైలుని పదహారు ముక్కలు చేసి పదహారు కనెక్షన్లతో లాగుతుంది. నెట్ పంచేది మనిషికింత అని కాదు, కనెక్షన్‌కింత అని, కాబట్టి వాడొక్కడికి పదహారు మంది వాటా. రెండు రోజులు వాడు రాజు. మూడో రోజుకి ఆ సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో మా ఫ్లోరంతా తిరిగింది, నేనూ వేసుకున్నాను, వేసుకోకపోతే నాకొచ్చేది సున్నా కదా. వారం తిరిగేసరికి అందరి దగ్గరా పదహారు కనెక్షన్లు, వాటాలు మళ్ళీ మొదటికొచ్చాయి, పైగా లైను ఎంత కిక్కిరిసిందంటే మెయిల్ తెరుచుకోవడానికి కూడా ఐదు నిమిషాలు. ఎవరైనా ఒక్కడు మంచివాడై తీసేస్తే వాడే మునుగుతాడు, అందుకే ఎవడూ తీయలేదు. దీన్నే నాష్ ఈక్విలిబ్రియం అంటారని తర్వాత సెమిస్టర్‌లో బోర్డు మీద రాసినప్పుడు మా బెంచీ మొత్తం ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వాం.

వైఫైలో ఇంతకన్నా సూటి మోసం ఉంది. ఇందాక అంకె అనుకోవడం చెప్పాను కదా, మామూలుగా అది 0 నుంచి 15 లోపు, ఇద్దరూ ఒకేసారి వదిలి ఢీకొంటే పరిధి రెట్టింపు చేసుకుని మళ్ళీ అనుకోవాలి, అలా 1023 దాకా. ఎవరు ఏ అంకె అనుకున్నారో చూసేవాళ్ళు లేరు, అంతా నమ్మకం మీద నడుస్తుంది. ఎప్పుడూ సున్నా అనుకునే పరికరం తయారుచేస్తే ప్రతిసారీ అదే ముందు. అలాంటివి రెండు ఒకే గదిలో ఉంటే? ఎప్పుడూ ఢీకొంటూనే ఉంటాయి, ఇద్దరికీ సున్నా, మిగతా అందరికీ సున్నా. 2005లో హుబో అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఈ ఆటని విడదీసి చూశారు. దొంగ ఒక్కడే అయితే లాభం వాడిది, దొంగలు ఎక్కువై మరీ అత్యాశకి పోతే నెట్‌వర్కే కూలుతుంది, అదే అతిగా లాగినవాడి ప్యాకెట్ల మీద మిగతావాళ్ళు కావాలని కాసేపు గోల చేసి చెడగొట్టే ఏర్పాటు ఉంటే ఆ దొంగలే మర్యాదగా ఒక మంచి వాటా దగ్గర స్థిరపడతారు. జరిమానా భయం ఉంటే స్వార్థపరుడు కూడా వంతు పాటిస్తాడు, కాలవ దగ్గర రాత్రి కాపలా పెట్టేది ఎందుకు మరి.

కానీ నిజం చెప్పాలంటే నా కెమెరాకి స్వార్థం లేదు, పాపం దానికి తెలివే లేదు. రూలు తు.చ. తప్పకుండా పాటిస్తూనే ఇంటిల్లిపాదినీ ఏడిపించింది. ఈ విషయంలో పేపర్లు రాసేవాళ్ళు కాస్త దారి తప్పారని నా అభిప్రాయం. 'ప్రతి పరికరం స్వార్థంతో, తెలివిగా ఆలోచిస్తుంది అనుకుందాం' అని మొదలుపెడతారు, ఆలోచించేది పరికరం కాదు, దాన్ని తయారుచేసిన కంపెనీ, లేదంటే దాన్ని స్తంభానికి బిగించిన నాలాంటివాడు. (గేమ్ థియరీ, స్పెక్ట్రం, అంటే ఫోన్ సిగ్నళ్ళు నడిచే రేడియో తరంగాలు, అనగానే వేలంపాటలు గుర్తొచ్చేవాళ్ళకి, అవును, అక్కడ ఆడేవాళ్ళు నిజంగానే తెలివైనవాళ్ళు, 2010లో మన 3జీ వేలంలో ప్రభుత్వానికి అరవై ఏడు వేల కోట్ల పైన వచ్చింది, అలాంటి వేలాల రూపకల్పనకి ఆర్థికవేత్తలు మిల్‌గ్రోమ్, విల్సన్‌లకి 2020లో నోబెల్ వచ్చింది, ఆ కథ ఇంకోసారి.)

రౌటర్‌లో 'ఎయిర్‌టైమ్ ఫెయిర్‌నెస్' అని ఒక బటన్ ఉంటుంది, అంటే గంటల వంతు. 2017 ప్రాంతంలో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం వైఫైలోకి కూడా ఈ పద్ధతి వచ్చింది. ఉత్సాహంగా ఆన్ చేశాను. ఏం మారలేదు. ఒక గంట జుట్టు పీక్కున్నాక వెలిగింది, ఆ బటన్ రౌటర్ పంపేవాటిని పంచుతుంది, కెమెరా చేసేదేమో రౌటర్‌కి పంపడం. తన వంతు తనే తీసుకునేవాడిని రౌటర్ ఏం ఆపగలదు! ఇక దారి ఒక్కటే, కెమెరాని గాలిలోంచి తీసేసి తీగ మీద పెట్టడం. ముప్పై మీటర్ల కేబుల్ కొన్నాను, ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను, మూడో అంతస్తు నుంచి పైపుల పక్కగా దింపుతుంటే ఫస్ట్ ఫ్లోర్ అంకుల్ కిటికీలోంచి తల బయటపెట్టారు.

"ఏంటి బాబూ ఇది, మా కిటికీ ముందు నుంచి వైరు?"

విషయం చెప్పాను. ఎలాగూ మాట కలిసింది కదా అని ఇంకోటి కూడా అడిగేశాను. మా బిల్డింగ్‌లో ఫోన్ యాప్‌తో చూస్తే ఇరవైకి పైగా వైఫైలు, అందరూ 1, 6, 11 ఛానెళ్ళలో ఉంటే ఆయనది ఒక్కటే 4లో. ఛానెళ్ళంటే వైఫై వాడే పక్కపక్క గాలి దారులు, వాటి మధ్య దూరం 5 మెగాహెర్ట్జే, వైఫైకి కావాల్సిన వెడల్పు 20, కాబట్టి 4లో ఉన్నవాడు అటు 1లో వాళ్ళకీ ఇటు 6లో వాళ్ళకీ అడ్డమే. ఒకే ఛానెల్లో ఉంటే కనీసం ఒకరి మాట ఒకరికి అర్థమై వంతులు పాటిస్తారు, సగం సగం కలిస్తే అది ఉత్త గోల.

"అంకుల్, మీది ఆరుకి మార్చుకుంటే అందరికీ మంచిది, మీక్కూడా."

"ఆరులో ఇప్పటికే తొమ్మిది మంది ఉన్నారు కదయ్యా. నాలుగులో నేనొక్కడినే. ఖాళీగా ఉందని మావాడు చూసి పెట్టాడు."

హాస్టల్లో మా మాట కూడా ఇదే. వాదించి లాభం లేదని బేరంలోకి దిగాను. బేరం చెడితే నాకు కేబుల్ లేదు, ఆయనకి పోయేది ఏమీ లేదు, కాబట్టి ఆయన చెయ్యే పైన. ఆయన కాసేపు ఆలోచించి, సెల్లార్‌లో వాళ్ళ కోడలి స్కూటీ పెట్రోలు రెండుసార్లు ఎవరో తీశారని, ఆ కెమెరాని కాస్త ఎడమకి తిప్పితే స్కూటీ కూడా పడుతుంది కదా అన్నారు. తిప్పుతానన్నాను. అయితే వైరు వేసుకోమన్నారు, ఛానెల్ సాయంత్రం వాళ్ళ అబ్బాయి వచ్చాక మారుస్తాడన్నారు. మార్చాడు కూడా.

ఇప్పుడు మా ఇంట్లో చక్రం తిరగడం లేదు. 200 ప్లాన్‌ని మళ్ళీ 100కి దించమని ఫోన్ చేశాను, వచ్చే బిల్లు నుంచి దించుతామన్నారు. కెమెరాలో స్కూటీ నిండుగా కనిపిస్తోంది, నా కారు మాత్రం ముందు డోరు దాకే పడుతోంది, గీత గీసింది వెనక డోరు మీద.